శిఖం తేలే రోజులు

అమీన్‌పూర్ పెద్ద చెరువు ఎగువ ఒడ్డున, తుమ్మచెట్లకు కొంచెం దూరంలో, పడుకున్న ఎనుము వీపులా నున్నగా ఉన్న ఒక బండ ఉంది. వినాయక చవితి దాటిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం నుంచి కార్తీక పౌర్ణమి తర్వాత వచ్చే ఆదివారం దాకా, వాన అడ్డుపడితే తప్ప, ప్రతి వారం తెల్లవారుతుండగా నేను అక్కడికి వెళ్లి మొదట చూసేది ఆ బండనే. నీరు దాని వీపు మీదుగా పారుతోందా, సగానికి దిగిందా, అడుగున ఉన్న మట్టి కనిపిస్తోందా అన్నది నోటు పుస్తకంలో రాసుకున్న తర్వాతే బైనాక్యులర్ బయటకు తీస్తాను. పక్షులను చూడటానికి వచ్చి రాయిని చూస్తూ నిలబడటమేమిటని నాతో కొత్తగా వచ్చినవారు అడుగుతారు. ఆ వారం ఏ పక్షులు కనిపించే అవకాశం ఉందో చాలావరకు ఆ బండే చెబుతుందన్నది ఇన్నేళ్లలో నాకు కలిగిన నమ్మకం. ఈ రోజు రాయబోయేది దాని గురించే.

చందానగర్‌లో మా ఇంటి నుంచి ఈ చెరువు దగ్గరే. సంగారెడ్డి జిల్లా పరిధిలోకి వస్తుంది గానీ, మియాపూర్, పటాన్‌చెరుల మధ్య పెరిగిన కాలనీలు, అపార్ట్‌మెంట్లు చుట్టూ అల్లుకుపోవడంతో అది ఎప్పుడో హైదరాబాదులో భాగమైపోయింది. కుతుబ్‌షాహీల కాలంలో సాగునీటి కోసం కట్టించిన చెరువని చెబుతారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఇచ్చే ఈ గుర్తింపు అంతకుముందు ఎక్కువగా అడవులకు, తోపులకు దక్కింది. దేశంలో మొట్టమొదటిది 2007లో కర్ణాటకలోని నల్లూరు చింతతోపు. నగరం ఒడ్డున ఉన్న ఒక చెరువుకు ఆ పేరు దక్కడం మా ప్రాంతంవాళ్లకు ఎంత సంతోషాన్నిచ్చిందో నాకు బాగా గుర్తుంది.

పక్షులను చూడాలనుకునేవారిలో ఎక్కువమంది డిసెంబరు, జనవరి నెలల్లో వస్తారు. ఆసియా నీటిపక్షుల గణన జరిగేది కూడా జనవరిలోనే. అప్పటికి వలస బాతులన్నీ చేరుకుని, మగవి రంగుల ఈకలు తొడుక్కుని, గుర్తుపట్టడానికి తేలికగా ఉంటాయి. అయినా నేను ఎక్కువ ఇష్టపడేది శరత్తునే. పెళ్లికి రెండు రోజుల ముందు చుట్టాలు ఒక్కొక్కరుగా దిగుతున్న ఇంటికీ, పెళ్లినాటి నిండు పందిరికీ ఎంత తేడా ఉంటుందో, అక్టోబరు చెరువుకూ జనవరి చెరువుకూ అంత తేడా ఉంటుంది. ఎవరు ముందు వచ్చారు, ఎవరు ఎక్కడ సర్దుకున్నారు, ఎవరు ఇంకా రాలేదు అని చూసుకునే ఆనందం ఈ రెండు నెలల్లోనే దొరుకుతుంది.

బండను గమనించడం నాకు నేర్పింది ఆ చెరువులో చేపలు పట్టే ఒక పెద్దాయన. నేను వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది, చవితి తర్వాతి ఆదివారం, కట్ట మీద నిలబడి నిండు చెరువును చూస్తూ, ఇంత నీరుండీ కొంగలు తప్ప ఇంకేమీ లేవేమిటని దిగులుపడుతున్నాను. వల దులుపుకుంటున్న ఆయన నన్ను చూసి, “ఏం బిడ్డా, పిట్టల కోసం వచ్చినవా? ఇప్పుడేం దొరుకుతయి నీకు! నీళ్లు ఇంక గుంజలేదు. శిఖం తేలాలె, అప్పుడు దిగుతయి” అన్నాడు.

“నీళ్లు ఎక్కువుంటేనే కదా తాతా నీటిపిట్టలు వచ్చేది?” అని అడిగాను.

“నీళ్లు చేపకు, బిడ్డా. పిట్టకు గావాల్సింది బురద.”

శిఖం అనే మాట తెలంగాణ పల్లెల్లో పెరిగినవారికి కొత్త కాదు. చెరువు పూర్తిగా నిండినప్పుడు మునిగి, నీరు తగ్గినప్పుడు బయటపడే నేల అది. రెవెన్యూ రికార్డుల్లో ఇప్పటికీ శిఖం భూమి అనే రాస్తారు. వాన వెలిసి నీరు వెనక్కి తగ్గుతుంటే ఆ తేమ మీద పశువులు మేసేవి, కొందరు చిన్న చిన్న పంటలు వేసుకునేవారు. ఎవరికి చెందుతుంది, ఎంతవరకు చెందుతుంది అన్న తగాదాల్లోనే ఈ మాటను ఎక్కువగా వినడం వల్ల, నగరంలో చాలామందికి అది కబ్జాలకు సంబంధించిన మాటగానే తెలుసు. పక్షుల వైపు నుంచి చూస్తే మాత్రం చెరువులో అన్నిటికంటే విలువైన భాగం అదే. ఎండు నేలా కాని, లోతు నీరూ కాని, కొన్ని అంగల వెడల్పున్న ఆ తడి పట్టీ మీదే వలస నీటిపక్షుల్లో చాలా జాతుల బతుకు ఆధారపడి ఉంది.

నీరు తగ్గే తీరును కొంచెం వివరంగా చెప్పాలి. వానలు ఆగిన తర్వాత ఎండకు ఇగిరి, భూమిలోకి ఇంకి, చెరువు మట్టం నా లెక్క ప్రకారం వారానికి సుమారు రెండు వేళ్ల మందం దిగుతుంది. కట్ట వైపు ఏటవాలు ఎక్కువ కాబట్టి అక్కడ ఆ రెండు వేళ్ల తేడా కంటికి ఆనదు. ఎగువన, వాననీరు చెరువులోకి వచ్చే వైపు, నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. అక్కడ మట్టం రెండు వేళ్లు దిగితే నీటి అంచు నాలుగైదు అంగలు వెనక్కి జరుగుతుంది. అంటే ప్రతి వారం నాలుగైదు అంగల కొత్త బురద, నిన్నటిదాకా నీటి కింద ఉన్న పురుగూ పుట్రతో సహా, పక్షుల ముందుకు వస్తుంది. పాతది ఎండి గట్టిపడేలోగా కొత్తది తేలుతుంది. అందుకే వలస పక్షులను చూడాలంటే ఎగువ ఒడ్డుకు వెళ్లాలని, కట్ట మీద నుంచి వెనుదిరిగిపోకూడదని కొత్తవారికి చెబుతుంటాను.

ఆ బురదలో ఏముంటుందని అడిగితే, ఒక కర్రతో పైపొరను కొంచెం కదిపి చూస్తే తెలుస్తుంది. ఎర్రటి దారపు ముక్కల్లాంటి సన్నని పురుగులు కనిపిస్తాయి. అవి కుట్టని ఒక రకం దోమల పిల్లలు. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో బతకడానికి వాటి ఒంట్లో కూడా మనలాగే హీమోగ్లోబిన్ ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. వీటితో పాటు నత్తలు, చిన్న చిన్న పీతలు, నీటి పురుగులు, గడ్డి గింజలు ఉంటాయి. ఒకే పట్టీ మీద పది రకాల పక్షులు గొడవ లేకుండా మేయగలగడానికి కారణం వాటి ముక్కుల పొడవు. ప్లవర్ అనే చిన్న పక్షికి ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. అది నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, పైన కదిలినదాన్ని చూసి పొడుచుకు తింటుంది. ఉల్లంకి పిట్టలు, అంటే శాండ్‌పైపర్‌లు, కొంచెం లోపలికి పొడుస్తాయి. ముక్కుపూరేడు, అంటే స్నైప్, తన ఒంటితో పోలిస్తే మితిమీరినంత పొడవైన ముక్కును మొదలంటా బురదలోకి దించి, కంటికి కనపడనిదాన్ని ముక్కు కొసతోనే తడిమి పట్టుకుంటుంది. ఆ కొసలో స్పర్శ తెలిసే నాడులు కిక్కిరిసి ఉంటాయి. ముక్కు మొత్తాన్ని తెరవకుండా పైదవడ కొసను మాత్రమే ఎత్తగలగడం దాని ప్రత్యేకత. నేను మొదటిసారి దాన్ని చూసినప్పుడు ఎండిన గడ్డి దుబ్బు అనుకున్నాను. ఆ దుబ్బు రెండడుగులు నడిచిన తర్వాత గానీ పక్షి అని తెలియలేదు.

చవితి నాటికి ఈ పట్టీ ఇంకా ఉండదు. అయినా రాకడ మొదలై ఉంటుంది. అన్నిటికంటే ముందు, ఆగస్టులోనే, ఉల్లంకుల్లో రెండు మూడు రకాలు వచ్చేస్తాయి. తోకను ఆపకుండా పైకీ కిందికీ ఊపుతూ రాళ్ల మీద తిరిగేది కామన్ శాండ్‌పైపర్. దాని భుజం దగ్గర తెల్లదనం చిన్న కొక్కెంలా పైకి చొచ్చుకువస్తుంది, గుర్తుకు అదొక్కటి చాలు. వీపు మీద తెల్లని చుక్కలు చల్లినట్టుండి, కంటి మీదుగా తెల్లని గీత పొడవుగా సాగేది వుడ్ శాండ్‌పైపర్. ఎగిరేటప్పుడు నడుము మీద తెల్లటి మచ్చ మెరిపించే ముదురు రంగుది గ్రీన్ శాండ్‌పైపర్. వీటన్నిటినీ తాత ఒకటే పేరుతో ఉల్లంకి అంటాడు. నేను విడివిడి పేర్లు చెబితే శ్రద్ధగా విని, “కావచ్చు బిడ్డా, అక్కచెల్లెండ్లు అయ్యుంటయి” అన్నాడు. అది నిజమే; మూడూ ఒకే కుటుంబానివి, ఉత్తరాసియా చిత్తడి నేలల్లో, నదుల ఒడ్డున గుడ్లు పెట్టుకుని ఇంత దూరం వచ్చినవి.

సెప్టెంబరు గడిచేకొద్దీ కాటుకపిట్టలు దిగుతాయి. నలుపు తెలుపుల్లో ఉండి ఏడాదంతా ఇక్కడే కనిపించే పెద్ద కాటుకపిట్ట వేరు. శరత్తులో వచ్చేవి పసుపు పొట్టలతో, బూడిదరంగు వీపులతో, సన్నగా ఉంటాయి. మన కవులు స్త్రీల కళ్లను ఖంజనాలతో పోల్చి ఖంజనాక్షి అన్నది ఈ పిట్టల చలాకీతనాన్ని చూసే. శరదృతు వర్ణనల్లో ఖంజనాలు రావడం ఒక అలంకారం మాత్రమేనని కాలేజీ రోజుల్లో అనుకునేదాన్ని. బండ పక్కన కూర్చుని, సెప్టెంబరు చివరి వారంలో తొలి కాటుకపిట్ట కీచుమంటూ వచ్చి వాలడం చూశాక, ఆ మాట రాసినవాళ్లు ఎవరో ఒకరు కచ్చితంగా చెరువు గట్టున నిలబడి చూసే రాశారని అర్థమైంది.

వచ్చేవారి సంగతి ఇలా ఉంటే, ఉన్నవారు వేషం మార్చుకునే కాలం కూడా ఇదే. ఆగస్టులో తామరాకుల మీద నడుస్తూ, కొడవలిలా వంగిన పొడవాటి నల్లతోకతో కనిపించే జకానా, అక్టోబరు వచ్చేసరికి ఆ తోకను రాల్చుకుని, గోధుమ వన్నెకు మారి, మెడలో నల్లటి పట్టీతో వేరే పక్షిలా ఉంటుంది. వానాకాలంలో దాని సంసారం కూడా విశేషమైనదే: ఆడపక్షి ఒక మగపక్షికి గుడ్లు అప్పగించి మరొకదానితో జతకడుతుంది, పొదగడం, పిల్లలను పెంచడం మగపక్షి పని. శరత్తులో ఆ బాధ్యతలన్నీ తీరి, ఆడామగా తేడా తెలియకుండా అన్నీ కలిసి మేస్తుంటాయి.

వేషాల విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పరీక్షించింది బాతులు. సెప్టెంబరు చివరి నుంచి దిగే మొదటి వలస బాతు గార్గనీ. యూరప్, ఉత్తరాసియాల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి ఆ ప్రాంతాలను దాదాపు పూర్తిగా ఖాళీ చేసి ఆఫ్రికాకు, మన దేశానికి, ఆగ్నేయాసియాకు వెళ్లిపోయే బాతు ఇది. పుస్తకంలో మగ గార్గనీ బొమ్మ చూస్తే, చాక్లెట్ రంగు తల మీద కంటి పైనుంచి మెడ దాకా వంపు తిరిగిన తెల్లటి గీతతో, ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేలా ఉంటుంది. ఆ బొమ్మను పట్టుకుని నేను మూడు ఆదివారాలు వెతికాను. నా ముందు ఉన్నవన్నీ మట్టిరంగు ఆడ బాతులే అనుకుని, మగవి ఎక్కడున్నాయో తెలియక, అవి ఇంకా రాలేదని పుస్తకంలో రాసుకున్నాను.

అసలు సంగతి మరుసటి ఏడు తెలిసింది. గుడ్లు పెట్టే కాలం ముగియగానే మగ బాతులు తమ రంగుల ఈకలను రాల్చేసి ఆడ బాతులను పోలిన మట్టిరంగు ఈకలు తొడుక్కుంటాయి. పక్షిశాస్త్రంలో దీన్ని ఎక్లిప్స్ దశ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే గ్రహణం పట్టిన దశ. అదే సమయంలో రెక్కల్లోని పెద్ద ఈకలన్నీ ఒకేసారి ఊడిపోయి, మూడు నాలుగు వారాలు అవి అసలు ఎగరలేవు. ఎగరలేని ఆ రోజుల్లో రంగులతో మెరుస్తూ ఉంటే నక్కకో గద్దకో తేలికగా చిక్కుతాయి కాబట్టి ఈ మట్టి వేషం వాటికి రక్షణ. మిగతా బాతుల్లో చాలావరకు డిసెంబరుకల్లా రంగులోకి వస్తాయి, గార్గనీ మాత్రం చలికాలం చాలా భాగం గడిచేదాకా ఆ గ్రహణాన్ని వదిలించుకోదు. రెక్క ముందు భాగం ఏడాదికి ఒక్కసారే ఈకలు మార్చుకుంటుంది కనుక అక్కడి లేత నీలి బూడిద రంగు మాత్రం మట్టి వేషంలోనూ అలాగే ఉంటుంది. కాబట్టి శరత్తులో మగ గార్గనీని గుర్తుపట్టాలంటే అది రెక్క విప్పేదాకా ఎదురు చూడాలి. ఒక అక్టోబరు ఉదయం, కట్ట మీద ఎవరో టపాసు కాల్చిన చప్పుడుకు నలభై బాతులు ఒక్కసారి లేచినప్పుడు, ఆ గుంపులో సగం రెక్కల మీద ఆ లేత నీలిరంగు మెరిసింది. ఆ టపాసు కాల్చినవారి మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు; అంత దూరం ఎగిరివచ్చిన పక్షిని మేతకు కూర్చున్న చోటు నుంచి లేపడం మంచి పని కాదు. కానీ గార్గనీ నాకు తెలిసింది ఆ రోజే.

కూర్చున్న గార్గనీని, దాని పక్కనే ఉండే కామన్ టీల్‌ను విడదీయడం మరో అభ్యాసం. గార్గనీ ముఖం మీద గీతలు స్పష్టంగా ఉంటాయి, ముక్కు మొదట్లో లేత మచ్చ ఉంటుంది. టీల్ ముఖం సాదాగా ఉండి తోక పక్కన చిన్న లేత గీత కనిపిస్తుంది. సూదితోక బాతుకు అక్టోబరులో ఆ సూదితోక సరిగా ఉండదు, సన్నని పొడవైన మెడను చూసి పోల్చుకోవాలి. షోవెలర్‌తో ఏ కాలంలోనూ ఇబ్బంది లేదు. గరిటె లాంటి దాని ముక్కు అంచుల్లో నూరుకు పైగా సన్నని పళ్లు దువ్వెనలా ఉంటాయి, నీటిని వాటి గుండా వడగట్టి తింటుంది. ఈ బాతులన్నీ తల ముంచి, తోక పైకెత్తి, మెడ అందినంత లోతులోనే మేస్తాయి. మోకాటి లోతు దాటిన నీరు వాటికి విశ్రాంతికి పనికొస్తుంది గానీ మేతకు పనికిరాదు. అంటే బాతులకు కూడా చివరికి కావలసింది శిఖం అంచే.

నీటి లోతు కావలసినవి లేవని కాదు. మునుగుడు కోళ్లు, నీటికాకులు, గూడబాతులు లోతు వైపే ఉంటాయి. వాటిలో నేను ప్రతి శరత్తులో ఎదురుచూసే పక్షి ఒకటుంది. ఒక ఉదయం చెరువు నడుమ పాతిన గుంజ మీద తెల్లటి పొట్ట, కంటి మీదుగా నల్లటి పట్టీ ఉన్న గద్ద కూర్చుని ఉంటే, “ఆస్‌ప్రే వచ్చింది తాతా!” అని సంబరంగా చూపించాను. ఆయన కన్ను చికిలించి చూసి, “కొరమీను గద్ద. మా నాయన ఉన్నప్పటి సంది వస్తది” అన్నాడు. చేపనే తిని బతికే గద్దకు ఇంతకంటే సరైన పేరు నేను వినలేదు. అది పైనుంచి కాళ్లు ముందుకు చాచి నీటిలోకి దూకుతుంది. జారిపోయే చేప పట్టు తప్పకుండా పాదాల కింద గరుకు పొలుసులు ఉంటాయి, బయటి వేలిని వెనక్కి తిప్పి ముందు రెండు, వెనక రెండు వేళ్లతో బిగిస్తుంది. పట్టిన చేపను తల ముందుకు ఉండేలా తిప్పుకుని మోసుకుపోతుంది. తన వలలోకి రావలసిన చేపను గద్ద ఎత్తుకుపోతుంటే బాధ లేదా అని అడిగాను. “అది ఒకటి పడ్తది, తిని కూసుంటది. నాకు ఓ చేప పోతే ఏమాయె” అన్నాడు ఆయన.

బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రాలు చెరువు ఒడ్డు ఆడవాళ్లతో నిండిపోతుంది. సద్దుల బతుకమ్మ మర్నాడు వెళితే ఒడ్డున తంగేడు, గునుగు, బంతిపూలు తేలుతూ ఉంటాయి, ఆ పూల తెప్పల మీద కాటుకపిట్టలు ఎక్కి పురుగులు ఏరుకుంటుంటాయి. మా అమ్మ బతుకమ్మను నీళ్లలో వదిలేటప్పుడు చెరువుకు దండం పెట్టుకునేది. అలా దండం పెట్టుకున్న నీళ్లలో ప్లాస్టిక్ సంచి వదలకూడదని ఆమెకు ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు. దసరానాడు పాలపిట్టను చూడాలన్న ఆచారం కోసం కూడా నేను అక్కడికే వెళ్తాను. మన రాష్ట్ర పక్షి అది. ఎగువన ఉన్న కరెంటు తీగల మీద, పొద్దెక్కుతుండగా, తప్పకుండా ఒకటి ఉంటుంది. అది గడ్డిలోకి దూకి మిడతను పట్టి తిరిగి లేచేటప్పుడు విచ్చుకునే ఆ నీలాన్ని చూడటానికి ఏ ఏడూ విసుగు పుట్టలేదు. పంజరంలో పెట్టి, రెక్కలు కట్టి, వీధిలో తెచ్చి చూపించే పాలపిట్టకు డబ్బులివ్వవద్దని చదివేవారందరినీ వేడుకుంటున్నాను. దాన్ని పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా అలా పట్టినవాటిలో చాలా పక్షులు పండుగ దాటి బతకవు.

బండ చెప్పే మాట ఎంత నిజమో నాకు 2020లో గట్టిగా తెలిసింది. ఆ ఏడు అక్టోబరు 13న హైదరాబాదును ముంచెత్తిన వాన ఎవరూ మరచిపోలేదు. ఎన్నో చెరువులు మత్తడి దూకాయి, కాలనీలు మునిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతి ఆదివారం నేను చెరువుకు వెళ్లలేదు, వెళ్లే మనసు కూడా లేదు. అక్టోబరు చివర్లో వెళ్లేసరికి నా బండ ఆనవాలు లేదు. నీరు తుమ్మచెట్ల మొదళ్ల దాకా వచ్చి ఉంది, అంతకు రెండు వారాల ముందు ఉల్లంకులు, ప్లవర్‌లు తిరిగిన నేలంతా మునిగిపోయింది. ఆ రోజు నా పుస్తకంలో బురద పక్షుల వరుస ఎదురుగా ఒక్క అంకె కూడా లేదు. ఎక్కడికి పోయాయో అనుకుంటూ తిరిగి వస్తుంటే, రోడ్డు పక్కన ఇంకా ఇల్లు కట్టని ఒక ప్లాటులో, అడుగు లోతు కూడా లేని వాననీటి మడుగు చుట్టూ, పదకొండు వుడ్ శాండ్‌పైపర్‌లు మేస్తున్నాయి. చెరువు నిండా నీరుంది, వాటికి నిలబడే చోటు లేదు; ఎవరిదో ఖాళీ జాగాలో కాసిని నీళ్లున్నాయి, అక్కడ వాటికి మేత దొరికింది.

ఈ కారణం చేతనే మా కాలనీకి దగ్గర్లో ఉన్న ఇంకొక చిన్న చెరువు గురించి రాయక తప్పడం లేదు. కొన్నేళ్ల క్రితం దాన్ని బాగుచేశారు. పూడిక తీసి, చుట్టూ ఏటవాలుగా రాళ్లు పేర్చి, వాటి పైన నడక దారి వేసి, దీపాలు పెట్టారు. మురుగు కొంత ఆగింది, సాయంత్రం పెద్దవాళ్లు నడవడానికి చోటు దొరికింది. ఆ మేరకు అది మేలే, కాదనను. కానీ రాళ్ల గోడ అంత ఏటవాలుగా దిగిన చోట నీరు రెండు వేళ్లు తగ్గితే రెండు మూడు వేళ్ల మందాన తడి రాయి మాత్రమే బయటపడుతుంది. అక్కడ నాలుగైదు అంగల బురద ఎప్పటికీ తేలదు. పనులకు ముందు ఏడాది అక్టోబరులో అక్కడ నేను బురద పక్షులు తొమ్మిది రకాలు రాసుకున్నాను. పనులు పూర్తయిన తర్వాతి అక్టోబరులో రాళ్ల మీద తోక ఊపే కామన్ శాండ్‌పైపర్ ఒక్కటే మిగిలింది. నీటిని కాపాడిన చోట కూడా శిఖాన్ని పోగొట్టుకోవచ్చని అక్కడ చూశాను. చుట్టూ మూడు వైపులా దారి వేసి, నీరు వచ్చే ఎగువ వైపు ఒక్కదాన్నీ చదునుగా, మట్టిగా వదిలేసి ఉంటే మనుషులకూ పక్షులకూ సరిపోయేది. అలా చేయడానికి అదనపు ఖర్చు కూడా లేదు.

చిత్తడి నేల అంటే ఏమిటన్న దానికి 1971 నాటి రామ్‌సర్ అంతర్జాతీయ ఒప్పందంలో విశాలమైన నిర్వచనం ఉంది. సహజమైనదైనా, మనిషి చేసినదైనా, నీరు ఏడాదంతా ఉన్నా కొంతకాలమే ఉన్నా దాని కిందికి వస్తుంది. 2002లో ఆ ఒప్పందం కింది చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కిన కొల్లేరు సహజమైన సరస్సు. మన దక్కను పీఠభూమి మీద అలాంటివి దాదాపు లేవు. ఇక్కడున్నవన్నీ కాకతీయులో, కుతుబ్‌షాహీలో, ఊరి పెద్దలో కట్టించిన చెరువులే. మన దేశపు 2017 చిత్తడి నేలల నియమాలు తాగునీటి కోసం, సాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టిన చెరువులను నిర్వచనం నుంచి మినహాయించాయి. ఆ మాట చదివినప్పుడల్లా, ఆర్కిటిక్ నుంచి వచ్చే పక్షికి చెరువును ఎవరు తవ్వించారన్న పట్టింపు లేదు కదా అనిపిస్తుంది. అమీన్‌పూర్‌కు గుర్తింపు వేరే చట్టం కింద రావడం వల్ల కొంత ధైర్యం.

నవంబరు గడుస్తుంటే మిగతావారు కూడా వస్తారు. కవుల జక్కవలు, రాత్రంతా విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని చెప్పే ఆ నారింజరంగు బాతులను చూడాలంటే నేను సంగారెడ్డి దాటి మంజీర అభయారణ్యానికి వెళ్తాను. హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చే బార్‌హెడెడ్ గూస్‌లు కూడా అక్కడ కనిపిస్తాయి. గాలిలో ఆక్సిజన్ సగం కూడా లేని 7,000 మీటర్ల ఎత్తులో అవి ఎగరడం ట్రాన్స్‌మిటర్లు కట్టి నమోదు చేశారు. వాటి గురించి రాయాలంటే మరో ఉదయం కావాలి.

ఈ ఏడు నా చివరి ఆదివారం పౌర్ణమి తర్వాత నాలుగో రోజున పడింది. ఒడ్డున పౌర్ణమి రాత్రి వదిలిన దొప్పల్లో నూనె మరకలు ఇంకా ఉన్నాయి. బండ పూర్తిగా బయటపడి, దాని అడుగున మట్టి ఆరి పగుళ్లు కూడా వచ్చాయి. నీటి అంచు అక్కడి నుంచి ముప్ఫై నాలుగు అంగలు. కొత్తగా తేలిన బురద మీద లిటిల్ స్టింట్‌లు పద్దెనిమిది తిరుగుతున్నాయి. పిచ్చుకంత పక్షి, బరువు 20 నుంచి 30 గ్రాములు, మూడు పది రూపాయల నాణేలు అరచేతిలో పెట్టుకుంటే ఎంతో అంత. సైబీరియా ఉత్తర భాగంలోని ఆర్కిటిక్ మైదానాల్లో పుడుతుంది. పెద్దవి ముందే బయలుదేరిపోతాయి, పిల్లలు రెక్కలు గట్టిపడ్డాక వెనక వస్తాయి.

నేను బండకు ఆనుకుని కదలకుండా కూర్చున్నాను. పావుగంటకు వాటిలో ఒకటి మేస్తూ మేస్తూ పది అడుగుల దూరానికి వచ్చింది. వీపు మీద రెండు తెల్లని గీతలు ఇంకా మాసిపోకుండా ఉన్నాయి, ఈ కాలంలో ఆ గీతలు ఈ ఏడు పుట్టిన పిల్లకే ఉంటాయి. అంటే జూలైలో గుడ్డు పగిలి బయటికొచ్చిన ఆ పక్షి ఈ చెరువును చూడటం ఇదే మొదటిసారి. అది నా బూటు ముద్దరలో నిలిచిన నీళ్లలోకి దిగి, నాలుగుసార్లు పొడిచి, ఏదో ఎర్రటి దారాన్ని లాగి మింగి, మళ్లీ అంచు వైపు పరుగెత్తింది. తాత వల భుజాన వేసుకుని అటుగా వస్తూ అది వెళ్లేదాకా తుమ్మచెట్టు దగ్గరే ఆగిపోయాడు.